తిరుచానూరు మాడవీధిలో చెంగమ్మత్తకు జతగా

అమ్మవారు నన్ను క్షమించాలి, ఈసారి నా తిరుచానూరు ప్రయాణం భక్తితో మొదలు కాలేదు. షుగరుతో మొదలైంది. నేను చిత్తూరులో రిజిస్ట్రేషన్ ఆఫీసు ఉన్న వీధిలో దస్తావేజులు టైపు చేస్తాను. పొద్దున కుర్చీలో కూర్చుంటే దీపాలు పెట్టే వేళకు లేస్తాను. మధ్యలో లేచేది అన్నానికొకసారి, కరెంటు పోతే ఇంకోసారి. మొన్న ఆషాఢంలో డాక్టరమ్మ నా రిపోర్టు చూసి, "ఏమ్మా లలితా, ఒళ్ళు కదిలించకపోతే ఇంక మాత్రలతో కాదు, సూదే" అని తేల్చేసింది. అప్పటినుంచి మా ఇంట్లో ఒకటే పోరు. మా ఆయన తెల్లారకముందే దుప్పటి లాగేవాడు. మావాడు చేతికొక వాచీ కట్టాడు. అది గంటగంటకూ గుర్రుమని "లే, నడు" అనేది. దాన్ని తీసి బియ్యం డబ్బాలో వేసేశాను. జిమ్ముకు మూడు నెలల డబ్బు కట్టి వారం తిరక్కుండానే మానేశాను. ఎందుకు మానేశావంటే అక్కడ పాటలు మరీ గోల, చెప్పులు పెట్టుకునే చోటు లేదు, అద్దాలు ఎక్కువ. ఆడలేక మద్దెల ఓడన్నట్టు నా దగ్గర సాకులకు కొదవ లేదు.

అసలు సంగతి వేరే. చిన్నప్పటినుంచీ నాకు కదలడమంటే శిక్షే. బడికి ఆలస్యంగా పోతే గ్రౌండు చుట్టూ పరిగెత్తమనేవాళ్ళు, ఎక్కాలు తప్పితే గుంజీలు తీయమనేవాళ్ళు. పరుగూ గుంజీలూ తప్పు చేసినవాళ్ళకే అని నా ఒంటికి అప్పుడే ఎక్కిపోయింది. నలభై ఆరేళ్ళు వచ్చినా, ఎవరైనా "కాసేపు నడవరాదా" అంటే నేనేం నేరం చేశానని కోపం వచ్చేది. ఇది చదివేవాళ్ళలో నాలాంటివాళ్ళు ఉంటారని నాకు తెలుసు, వాళ్ళకోసమే ఇదంతా రాస్తున్నాను.

కార్తీకం మొదట్లో మా రమణమ్మ వదిన ఫోన్ చేసింది. మా అన్న భార్య, ఉండేది కార్వేటినగరం దాటి లోపలికి పోయే ఒక పల్లెలో. అక్కడి ఆడవాళ్ళ కోలాటం బృందానికి ఆమే పెద్ద. తిరుచానూరు అమ్మవారి బ్రహ్మోత్సవాల్లో, పెద్దశేష వాహనం ముందు ఆడేదానికి వాళ్ళ పేర్లు వచ్చాయట. అంతలో సుభద్ర అనే ఆమె కూతురి కాన్పుకని మద్రాసు పోయి కూర్చుంది. కోలాటమంటే జతల ఆట. ఈ బృందంలో మొదటినుంచీ చివరిదాకా ఎవరి జత వాళ్ళదే, మారదు. సుభద్ర లేకపోతే ఆమె జత చెంగమ్మ కూడా ఆడే వీల్లేదు.

"చెంగమ్మత్త ఈ బృందం పెట్టినప్పటినుంచి ఒగ ఏడు కూడా తప్పల్యా లలితా. ఇప్పుడు జత లేదని ఎనక దీపం పట్టుకోని నడవమంటే ఆమెకు ఎట్లుంటాది సెప్పు. ఊర్లో ఆట వచ్చినోళ్ళంతా ఎవరి జతలో వాళ్ళుండారు. నువ్వొచ్చి నిలబడు. ఒకే ఒగ కోపు నేర్సుకుంటే సాలు" అంది వదిన. కోపు అంటే కోలాటంలో ఒక్కో ఆట పద్ధతి. నాకు రాదు మొర్రో అన్నాను. వీడియో పంపిస్తానంది. "డాక్టరమ్మ కూడా కదలమనింది గదా" అని చివర్లో ఒక చురక కూడా అంటించింది.

వీడియో వచ్చింది. వదిన కోకను మోకాళ్ళ దగ్గర కాస్త ఎత్తి దోపుకుని, అడుగులు మెల్లిగా వేసి చూపించింది. రాత్రి అన్నాలయ్యాక మిద్దెమీదికెక్కి, ఒక చేతిలో చపాతీ కర్ర, ఇంకో చేతిలో పప్పుగుత్తి పట్టుకుని, ఆ కాళ్ళను చూస్తూ నేను వేసేదాన్ని. "ఎవురిని కొట్టేదానికి ఈ సాధన?" అని మా ఆయన మెట్ల మీద కూర్చుని నవ్వేవాడు. రెండు వారాలయ్యేసరికి అడుగు కుదిరింది. నాకే నమ్మకం కలగలేదు. గాంధీరోడ్డులో నూటయాభై పెట్టి గజ్జెలున్న కోలాటం కర్రలు కొనుక్కున్నాను.

శనివారం పొద్దున ఎనిమిది దాటాక చిత్తూరు బస్టాండులో పుత్తూరు బస్సెక్కాను. గంగాధర నెల్లూరు మీదుగా పోతుంది, గంటన్నరలో కార్వేటినగరంలో దిగొచ్చు. ఆడవాళ్ళకు ఇప్పుడు ఆధార్ కార్డు చూపిస్తే టికెట్టుకు డబ్బుల్లేవు, మగవాళ్ళకు వంద లోపే అవుతుంది. కుడిపక్క కిటికీ సీటు దొరికితే వదలొద్దు. వానలు పడ్డ కార్తీకం కదా, మామిడి తోటలన్నీ తలంటుకున్నట్టు ఉన్నాయి, చెరుకు మడుల్లో నీళ్ళు నిలిచి ఉన్నాయి. కొండలు ఎండాకాలంలో చూస్తే బోడిగా కనిపించేవి, ఇప్పుడు పచ్చగా ఉన్నాయి. కార్వేటినగరంలో దిగి, పాత జమీందారీ కోట గోడలు మిగిలిన చోటు చూసుకుని, వీధి చివర టీ తాగి ఆటో మాట్లాడుకున్నాను.

సంచిలోంచి కర్రలు బయటికి కనిపిస్తున్నాయి. ఆటో అబ్బాయి అద్దంలోంచి వాటినే చూస్తున్నాడు. "కోలాటమా అక్కా? రమణమ్మోళ్ళ బృందమేనా?"

"అవునప్పా."

"అట్లయితే చెంగమ్మవ్వకు జత నువ్వేనా! యబ్బా, ఊరంతా నీకోసరమే సూస్తా ఉండాది. అవ్వ నిన్న రెండు తూర్లు బస్టాపు కాడికొచ్చి పోయింది, నువ్వు ఏ బస్సుకొస్తావని."

నా గుండెలో రాయి పడింది. అప్పటిదాకా ఇది నా షుగరు సంగతి అనుకుంటున్నాను. మనిషికి యాభై చొప్పున తీసుకునేవాడట, నా దగ్గర ముప్పయ్యే తీసుకున్నాడు. "బాగా ఆడక్కా" అని చెప్పి ఆటో తిప్పుకున్నాడు.

వదిన ఇంట్లో కాళ్ళు కడుక్కుంటుండగానే చెంగమ్మత్త వచ్చేసింది. అరవై అయిదు దాటి ఉంటాయి. భారీ మనిషి, ముక్కుకు రెండు పక్కలా రాళ్ళ ముక్కుపుడకలు, కాళ్ళకు వెడల్పాటి మెట్టెలు. నడకలో ఒక పక్కకు ఒరుగుతోంది, తుంటి పట్టేసిందట. ఆమెను చూసి ఈమేం ఆడుతుందిరా దేవుడా అనుకున్నాను. ఆమె నన్ను పైనుంచి కిందికి తనివితీరా చూసింది. నా లావు మీద ఏదో ఒక మాట పడుతుందని కాచుకుని ఉన్నాను. అలవాటైన పనే.

"బాగుండావు పాపా. సన్నపోళ్ళు గాలికి ఊగిపోతారు. నువ్వు నిలబడతావు" అంది.

నా ఒంటి గురించి ఒకరు మెచ్చుకుని మాట్లాడటం నేను విన్నది అదే మొదలు. "సంగటి తిందువు రా అత్తా" అన్నాను. ముగ్గురం కూర్చుని రాగిసంగటి, ఊరుబిండి తిన్నాం. ఊరుబిండి అంటే వేయించిన చెనిక్కాయలు (వేరుశనగ గింజలు), ఎండుమిరపకాయలు రోట్లో కచ్చాపచ్చాగా దంచిన పచ్చడి. మా వదిన చేతిది తిని తీరాలి.

నాలుగు గంటలకు ఎండ తగ్గింది. వడ్లు ఆరబోసే సిమెంటు కళ్ళంలో బృందమంతా చేరింది. అందరూ పొలం పనులు చేసుకొచ్చినవాళ్ళే, కొందరి కోకలకు ఇంకా బురద ఉంది. లోపలొక వరస, బయటొక వరస, ఎదురెదురుగా నిలబడ్డారు. వదిన తాళాలు పట్టుకుని పాటెత్తుకుంది. చెంగమ్మత్త లోపలి వరస, నేను బయటి వరస. మొదటి దెబ్బ టక్కుమనింది. ఆనందపడ్డాను. రెండో దెబ్బకు ఆమె కుడికర్ర వస్తే నేను ఎడమకర్ర ఎత్తాను, నా వేలి కణుపు మీద పడింది. తిరిగే చోట ఆమె కుడికి తిరిగితే నేనూ కుడికే తిరిగాను, పక్కామెను ఢీకొట్టాను. వెనకామె నా మీద పడింది. పాట ఆగింది. మళ్ళీ మొదలుపెట్టారు, మళ్ళీ అంతే. అందరికీ ఎడమైనది నాకు కుడి అవుతోంది. రెండు వారాలు మిద్దెమీద చెమటోడ్చింది ఇదేనా అని నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"ఏం నేర్సుకున్నావు లలితా? నేను అంత బాగా పంపిస్తే!" అని వదిన విసుక్కుంది.

"నువ్వు చూపించినట్టే చేస్తున్నా వదినా! చూసుకో నీ వీడియో!" అని నేనూ గట్టిగానే అన్నాను. ఫోన్ తీసి పెట్టాను. అందరూ చుట్టూ మూగారు. వదిన అడుగులు చూస్తే, నేను వేసిందే ఆమె వేస్తోందని తేలింది. అందరూ తలలు గోక్కున్నారు. చెంగమ్మత్తకు దగ్గర చూపు సరిగా ఆనదు, ఫోన్ దూరంగా పట్టుకుని కాసేపు చూసి, ఉన్నట్టుండి పకపకా నవ్వింది.

"ఏమే రమణా! పమిట ఆ పక్కకు ఎప్పట్నించి ఏస్తా ఉండావే?"

చూద్దుము కదా, వీడియోలో వదిన పమిట కుడి భుజం మీద ఉంది! వెనక ఇంటి గోడ మీద రాసిన అక్షరాలు తిరగబడి ఉన్నాయి. తనను తాను చూసుకుంటూ తీయాలని వదిన ఫోన్ ముందు కెమెరా పెట్టుకుంది. ఆ ఫోన్లో అది అద్దంలో బొమ్మలాగే తిరగేసి నిలిచిపోయింది. కోక కట్టే మనిషిని నేను, రెండు వారాలు రోజూ చూశాను, పమిట ఏ పక్కనుందో ఒక్కసారీ చూడలేదు. కాళ్ళను చూస్తూ ఉండిపోయాను. కళ్ళంలో నవ్వులు ఆగలేదు, ఒకామె నేలమీద కూలబడి కళ్ళు తుడుచుకుంది. నాకు మాత్రం ఒళ్ళంతా సిగ్గుతో మండింది. బడి గ్రౌండులోకి మళ్ళీ వచ్చి పడ్డట్టు అనిపించింది.

వదిన నవ్వు తొందరగా ఆగిపోయింది. ఆమె మీద బరువుంది కదా. "తెల్లారితే వాహనం. ఇంగ ఈ పొద్దు నువ్వు తిరగేసి ఎప్పుడు నేర్సుకుంటావు? వరసలో ఒగరు తప్పితే అందురూ తప్పినట్టే. మీ ఇద్దురూ ఎనక దీపం పట్టుకోని రాండి, ఇంగేం సేస్తాము" అంది. మాటలో కోపం లేదు, బాధే ఉంది. నేను చెంగమ్మత్త వైపు చూడలేకపోయాను. నిజానికి నా లోపల ఒక మూల "హమ్మయ్య" అని కూడా అనుకున్నాను.

చెంగమ్మత్త కర్రలు చంకలో పెట్టుకుని, తమలపాకు తీరుబడిగా నమిలింది. "దీపం పట్టేదానికి నా సేతులు ఇంగా అంత ముసిలివి కాల్యా. ఈ పాప తిరిగేది లోపలి వరసోళ్ళు తిరిగే పక్కే గదా? కుడికి. అట్లయితే ఆ పాపను లోపలికి పంపీ. నేను బయటికొస్తా."

"అత్తా! నువ్వు పుట్టినప్పట్నించి లోపలే ఆడినావు. బయటి వరస నీకు రాదు" అంది వదిన.

"రాకపోతే నేర్సుకుంటా. ఎద్దును కూడా మారుకాడి కడతారు, ఈ పక్కదాన్ని ఆ పక్కకు."

అంతే, మాట అక్కడితో అయిపోయింది. ఇన్నేళ్ళుగా ఒంటికి పట్టిన ఆటను, ఇవాళ మధ్యాహ్నం మొదటిసారి చూసిన నాకోసం తిరగేసుకుంటానంది.

పొద్దు గుంకేదాకా మేమిద్దరం కళ్ళంలో ఒక పక్కన ఆడాం. ఇక్కడ నేను చూసింది మీకు ఎట్లా చెప్పాలో తెలియడం లేదు. చెంగమ్మత్త తప్పుతోంది. మాటిమాటికీ పాత పక్కకే తిరుగుతోంది. తిరిగి, ఠక్కున ఆగి, "థూ, ఈ కాలు మాట యినదే!" అని తన తొడ మీద తానే ఒకటేసుకుని నవ్వుతోంది. తప్పినందుకు ఆమెకు పండగలా ఉంది. నేను తప్పితే గుంజీలే తెలిసినదాన్ని. ఈ వయసులో ఒక మనిషి తప్పును ఇట్లా ఆడుకోవడం చూస్తే నాకు ముందు వింతగా, తర్వాత అసూయగా అనిపించింది. చేతులు నావి సర్దుకోవాలి, కుడి ముందు, ఎడమ తర్వాత. నేను కర్రనే చూస్తూ కొడుతుంటే ఆమె ఊరుకోలేదు.

"కర్ర సూడొద్దు పాపా. కర్ర యాడికీ పోదు. నా మొగం సూడు."

ముఖం చూశాను. చెమటలో ఆమె ముక్కుపుడకలు మెరుస్తున్నాయి, పెదవుల మీద తమలపాకు ఎరుపు. ఆ కళ్ళు ఇప్పుడు తిరగబోతున్నా అని ముందే చెప్తున్నాయి. టక్, టక్, తిరిగి, టక్. ఒక చుట్టు మొత్తం తప్పకుండా వచ్చింది. ఆమె "హోయ్!" అని కేక పెట్టింది, నేనూ పెట్టాను. నా నోట్లోంచి అట్లాంటి కేక వస్తుందని నాకే తెలియదు. మధ్యలో గుర్తొచ్చి అడిగాను, "అత్తా, నడిస్తే కుంటుతావు, ఆడితే కుంటవే! నొప్పి లేదా?"

"ఎందుకు ల్యా, ఉండాది. నడిసేటప్పుడు దాని మాటే యింటా పోతా. ఆడేటప్పుడు పాట యినల్ల గదా, దాని మాట యాడ యినబడతాది?" అంది.

ఆదివారం తెల్లవారుజామునే వ్యాను బయల్దేరింది. మనిషికి రెండు వందలు. పుత్తూరు, వడమాలపేట మీదుగా తిరుచానూరు గంటన్నర పైన పడుతుంది. అందరం మామిడిచిగురు రంగు కోకలు, ఎర్రంచు. వడమాలపేట దగ్గర రోడ్డు పక్క ఇడ్లీ కొట్టు కాడ ఆపారు. ప్లేటు ముప్పై, వేడిగా, పలచటి చట్నీతో. నేను రెండో ప్లేటుకు చెయ్యి చాపాను. చెంగమ్మత్త చేతి మీద ఒకటేసింది. "ఆటకు ముందర కడుపు బరువు సేసుకోవద్దు." కొట్టామె ఇది చూసి, "వచ్చేటప్పుడు తినక్కా, నీకని నాలుగు దాచి పెడతాలే" అని నవ్వింది.

తిరుచానూరులో వ్యానును దూరంగానే ఆపేస్తారు, అక్కడినుంచి నడకే. రాత్రి వాన పడి వీధులు తడిగా ఉన్నాయి, లాడ్జీల ముందు పూలమ్మేవాళ్ళు చామంతులు, కనకాంబరాలు మూరలేస్తున్నారు, మూర ముప్పై చెప్పి ఇరవైకిచ్చారు. మాడవీధికి ఇరుపక్కలా జనం. ఎక్కడెక్కడి బృందాలో వచ్చాయి, ఒక్కొక్కరిది ఒక్కో రంగు. ఉత్తకాళ్ళ కింద రోడ్డు చల్లగా తగిలింది. దూరంగా గొడుగులు కనబడ్డాయి, మేళం దగ్గరైంది, "గోవిందా" అని ఒక కేక లేచి వీధంతా పాకింది. వదిన తాళం వేసింది.

మొదటి వీధి నాకేమీ గుర్తు లేదు, చెంగమ్మత్త ముఖం తప్ప. రెండో వీధికి ఊపిరి కుదిరింది. ఆయాసం వస్తోంది, వస్తున్నా అది నన్ను తిట్టడం లేదు. ఎదురుగా నాకన్నా ఇరవై ఏళ్ళు పెద్ద మనిషి, నిన్నటిదాకా తెలియని పక్కకు తిరుగుతోంది, కొత్తగా సైకిలు నేర్చుకున్న పిల్ల మాదిరి ముఖం వెలిగిపోతోంది. ఆమె నడకలో చూసిన ఒరుగుడు ఆటలో ఊపైపోయింది. చుట్టూ ఉన్న మా వాళ్ళను అప్పుడు చూశాను. నాట్లేసిన నడుములు, పాలు పిండిన చేతులు, ఎవరూ ఒళ్ళు తగ్గడానికి ఆడటం లేదు. వాళ్ళను చూసి నాకు ఎంత గర్వంగా అనిపించిందో! వాళ్ళలో నేనూ ఒకదాన్నని ఇంకా గర్వపడ్డాను.

మలుపు దగ్గర మేళం ఉన్నట్టుండి జోరు పెంచింది. నేను తడబడి, మిద్దెమీది అలవాటుతో ఎడమకర్ర ముందెత్తి, అడుగు వెనక్కేసి, గిర్రున ఒక చుట్టు ఎక్కువ తిరిగేశాను. పోయిందిరా అనుకున్నాను. తల తిప్పి చూస్తే చెంగమ్మత్త కూడా ఒక చుట్టు ఎక్కువ తిరిగి, ఎడమకర్రే ఎత్తి నా ఎదురుగా ఉంది. టక్! మా వెనక జత మమ్మల్ని చూసి అదే చేసింది, వాళ్ళ వెనకవాళ్ళూ చేశారు. కట్టిన తాడుకు అవతల నిలబడ్డ ఒకామె, "ఆ సుట్టు బాగుండాది సూడు" అని పక్కామెకు చూపించింది. వదిన గుడ్లురిమింది, మరుక్షణం తనే తిరిగేసింది.

"తప్పు నాది కదత్తా, నువ్వెందుకు తిరిగావు?" ఆడుతూనే రొప్పుతూ అడిగాను.

"జతంటే అదే గదే పిచ్చిదానా" అంది.

వాహనం మా ముందునుంచి పోయింది. అమ్మవారిని చూశానో లేదో, కళ్ళ నిండా నీళ్ళు. చెంగమ్మత్త మాత్రం కర్రలు రెండూ జోడించి దండం పెట్టి, "ఇన్నేండ్లూ లోపలి పక్కనించే సూసినా తల్లీ, ఈ పక్కనించి ఇంగా బాగుండావు" అని గట్టిగా చెప్పింది.

పది దాటాక ఒక లాడ్జీ మెట్ల మీద కూలబడి మజ్జిగ తాగుతున్నాం. వదిన ఫోన్ మోగింది. సుభద్ర. కూతురికి ఆడపిల్ల పుట్టిందట, అంతా కులాసా, వచ్చే నెల ధనుర్మాసం ఆటకు తప్పకుండా వచ్చేస్తానంది. అందరూ సంతోషపడ్డారు, నేనూ "శుభం" అన్నాను. అన్న తర్వాత తట్టింది. సుభద్ర వస్తే చెంగమ్మత్తకు జత దొరికినట్టే, నా పని అయిపోయినట్టే. ఇన్నేళ్ళూ ఆట నుంచి ఎట్లా తప్పించుకోవాలా అని చూసినదాన్ని, ఆటలోంచి నన్ను తీసేస్తారేమోనని మొదటిసారి భయపడ్డాను. కర్రలను ఒళ్ళో పెట్టుకుని గజ్జెలు లాగుతూ కూర్చున్నాను. ఒకటి ఊడి చేతికొచ్చింది.

చెంగమ్మత్త చూసింది. ఆమె చూడనిదేముంది. "మొగం ఎందుకట్ల పెట్టుకుంటివి?"

"ఏం లేదత్తా. ఇంక నాకు జత లేదు కదా అని."

"జత ఆకాశంలోనించి పడతాదా? నేను నీకు ఎవురు? నిన్న మద్యాన్నం దాకా నీ పేరు కూడా సరిగా తెలీదు. ఊరు నిండా నీ మాదిరి కూకోనుండే ఆడోళ్ళుండారు. ఒగరిని పట్టుకోని రా. ఇద్దురూ రాండి. కళ్ళం పెద్దదే" అని నా ఒళ్ళోంచి ఊడిన గజ్జె తీసి, తన కోక అంచులోంచి లాగిన దారంతో మళ్ళీ కర్రకు కట్టింది.

వదినావాళ్ళు వ్యానులో ఊరికి పోయారు, నా తిరుగు ప్రయాణం తిరుపతి బస్టాండునుంచి. చిత్తూరుకు అరగంటకొక బస్సుంది, చంద్రగిరి, పూతలపట్టు మీదుగా రెండు గంటలలోపే. సీటు దొరికింది. పూతలపట్టు కూడలిలో బస్సు పది నిమిషాలు ఆగితే, ఎవరూ చెప్పకుండానే కిందికి దిగాను. చెరుకురసం బండి దగ్గర నిలబడి చూసుకుంటే కాలు తనంతట తాను అడుగు వేస్తోంది. కండక్టరు "ఎక్కమ్మా, ఎక్కు" అంటే అప్పుడు సిగ్గేసింది. వడమాలపేటలో నాకోసం దాచిన ఇడ్లీలు మాత్రం పోయాయి, నేను వేరే దారిన వచ్చేశాను కదా. ఆ కొట్టామెకు ఒక బాకీ ఉంది.

ఇది జరిగి మూడు వారాలైంది. మా పైవాటాలో పద్మ ఉంటుంది, ఇంట్లోనే మిషను కుడుతుంది, నాలాగే పొద్దస్తమానం కూర్చునేదే. మొదటిరోజు "నాకు ఇవన్నీ చేతకావక్కా, నడుము నొప్పి" అనింది. "బాగుండావు పద్మా. నువ్వు నిలబడతావు" అన్నాను. నా నోట్లోంచి ఆ మాటే వచ్చింది. ఇప్పుడు సాయంత్రం మిద్దెమీద ఇద్దరం ఆడుతున్నాం. షుగరు ఏమైందో మళ్ళీ పరీక్ష చేయిస్తే తెలుస్తుంది, దాని మాట ఇప్పుడు చెప్పలేను. ఒకటి మాత్రం చెప్పగలను. కదలడం శిక్ష అనుకున్నన్నాళ్ళు నేను నా కాళ్ళనే చూసుకున్నాను, ఎంత వేశాను, ఎంత తప్పాను అని. తల ఎత్తి ఎదుటి మనిషి ముఖం చూసినరోజు అది ఆట అయింది. మొన్న పద్మ రాలేదు. జాకెట్లు కుట్టేది మిగిలిపోయిందట. ఒకప్పుడైతే ఈ సాకు నాకు వరం. వాన తుంపర పడుతుంటే కర్రలు చంకలో పెట్టుకుని పోయి, ఆమె తలుపు నేనే కొట్టాను.

ఇక మీరూ కోలాటం నేర్చుకుని ఆ మాడవీధిలో ఆడాలనుకుంటే ఒక్క ముఖ్యమైన సలహా. బృందానికి పేరు నెలలు ముందే ఇచ్చుకోవాలి, అది మీ బృందం పెద్దకు తెలిసే ఉంటుంది. మీరు చూసుకోవాల్సింది వేరే. ఫోన్లో వీడియో చూసి అడుగులు నేర్చుకునే ముందు, దయచేసి ఆ మనిషి పమిట ఏ భుజం మీదుందో చూసుకోండి. చూసుకోకుండా నేర్చేసుకున్నారా, కంగారు పడొద్దు. మీకోసం పక్క మారే చెంగమ్మత్త ఒకామె ఏదో ఒక కళ్ళంలో ఉంటుంది, ముందు బస్సెక్కండి.